గీత ఎక్కడ గీశారు, ఎందుకు అక్కడే గీశారు?

భూమి శిస్తు కేసుతో మొదలుపెడతాను. 1962లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అదనపు శిస్తు వసూలు చేయడానికి ఒక చట్టం తెచ్చింది. పాత సర్వే సెటిల్మెంట్లలో నేల రకం, సారం, దిగుబడి చూసి శిస్తు కట్టేవారు. కొత్త చట్టం ఆ లెక్కను పక్కన పెట్టేసింది. మెట్టకు ఎకరాకు కనీసం ఇంత అంది. మాగాణికైతే ఆ నీటివనరు కింద ఎంత ఆయకట్టు ఉందో చూసి ఇంత అని నిర్ణయించింది. చేతికి నాలుగు గింజలు రాని నేలకూ, బంగారం పండే నేలకూ ఒకటే లెక్క. రైతులు హైకోర్టుకు వెళ్లి గెలిచారు. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1967లో ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు నాయకత్వంలోని ధర్మాసనం అక్కడా రైతుల పక్షానే నిలిచింది. నేల సారంతో సంబంధం లేకుండా అందరి మీదా ఒకే రేటు వేయడం సమానత్వానికి విరుద్ధమని చెప్పింది.

ఈ కేసునే ముందు ఎందుకు ఎత్తుకున్నానంటే, వివక్ష అనగానే మనకు తట్టేది ‘నన్ను వేరుగా చూశారు’ అన్న ఫిర్యాదు. ఇక్కడ రైతుల బాధ దానికి సరిగ్గా ఎదురుగా ఉంది. ‘మమ్మల్ని అందరితో కలిపి ఒకే గాటన కట్టారు’ అన్నది వాళ్ల వాదన. కోర్టు దాన్ని కూడా వివక్షగానే ఒప్పుకుంది. అంటే కోర్టు చూసేది వేరుగా చూశారా, ఒకేలా చూశారా అన్నది కాదు. ప్రభుత్వం మనుషుల మధ్య గీత ఎక్కడ గీసింది, లేదా గీయాల్సిన చోట ఎందుకు గీయలేదు, దానికి చెబుతున్న కారణం నిలుస్తుందా అన్నది చూస్తుంది. ఈ విషయం మనసులో పెట్టుకుంటే, పత్రికల్లో వచ్చే రిజర్వేషన్ తీర్పుల దగ్గర నుంచి ఉచిత బస్సు మీద గొడవల దాకా చాలా చిక్కుముడులు విడిపోతాయి.

మన రాజ్యాంగంలో దీనికి మూలం 14వ అధికరణం. అందులో రెండు మాటలున్నాయి: చట్టం ముందు అందరూ సమానులే, చట్టాల రక్షణ అందరికీ సమానంగా అందాలి. మొదటిది బ్రిటిష్ న్యాయ సంప్రదాయం నుంచి వచ్చింది. రెండోది అమెరికా రాజ్యాంగానికి 1868లో చేర్చిన సవరణలోని మాట. అది కూడా 14వ సవరణే కావడం కాకతాళీయం. మన 14వ అధికరణం పౌరుడు అనదు, వ్యక్తి అంటుంది. కాబట్టి ఈ దేశంలో ఉన్న విదేశీయుడు కూడా దాన్ని అడ్డం పెట్టుకోవచ్చు. మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు ఆధారంగా వివక్ష చూపకూడదనే 15వ అధికరణమూ, ప్రభుత్వ ఉద్యోగాల్లో సమాన అవకాశాల గురించిన 16వ అధికరణమూ మాత్రం పౌరులకే వర్తిస్తాయి.

ఇక కోర్టు ఎలా పరిశీలిస్తుంది? 1952లో పశ్చిమ బెంగాల్ నుంచి వచ్చిన అన్వర్ అలీ సర్కార్ కేసులో దీనికి పునాది పడింది. ‘సత్వర విచారణ’ కోసమని ఆ రాష్ట్రం ప్రత్యేక కోర్టులు పెట్టింది. ఏ కేసును అక్కడికి పంపాలో ప్రభుత్వం ఇష్టం. ఒకే రకం నేరం చేసిన ఇద్దరిలో ఒకరికి మామూలు కోర్టు, అందులోని రక్షణలన్నీ దక్కుతాయి. ఇంకొకరికి ప్రత్యేక కోర్టు, తక్కువ రక్షణలు. త్వరగా తేలాలన్నది ప్రతి కేసులోనూ ఉండే కోరికే, అది ఒక కేసును మరో కేసు నుంచి విడదీయలేదు. అందుకే సుప్రీంకోర్టు ఆ అధికారాన్ని కొట్టేసింది. ఆ తీర్పుల్లో జస్టిస్ ఎస్.ఆర్.దాస్ చెప్పిన రెండు ప్రశ్నలు ఇప్పటికీ ప్రతి హైకోర్టులో రోజూ వినిపిస్తాయి. గీతకు ఇటున్నవాళ్లకూ అటున్నవాళ్లకూ స్పష్టంగా కనిపించే తేడా ఉందా? ఉంటే, ఆ తేడాకూ చట్టం సాధించాలనుకున్న పనికీ సంబంధం ఉందా? రెండింటికీ అవుననే జవాబొస్తే చట్టం నిలుస్తుంది. దీన్నే సహేతుక వర్గీకరణ పరీక్ష అంటారు.

వినడానికి సులువుగా ఉన్నా, ఈ పరీక్షలో తాసు ప్రభుత్వం వైపే కాస్త మొగ్గి ఉంటుంది. చట్టం రాజ్యాంగబద్ధంగానే ఉందన్న నమ్మకంతో కోర్టు విచారణ మొదలుపెడుతుంది. కాదని చూపించే భారం పిటిషనర్ మీద ఉంటుంది. అతను తనలాంటి స్థితిలోనే ఉండి తనకంటే మెరుగైన ఫలితం పొందినవాళ్లను చూపించాలి. చాలా పిటిషన్లు ఇక్కడే కూలిపోతాయి. ‘పక్కవాడికి ఇచ్చారు, నాకు ఇవ్వలేదు’ అంటే చాలదు. పక్కవాడి పరిస్థితీ తనదీ ఒకటేనని రికార్డుల్లో కనిపించాలి. ఇంకో మెలిక కూడా ఉంది. పక్కవాడికి ఇచ్చింది నిబంధనలకు విరుద్ధమైతే, ఆ తప్పే నా విషయంలోనూ చేయండి అని సమానత్వం పేరుతో అడగడానికి కుదరదు. హైకోర్టులో రిట్ వేసేముందు ఈ రెండూ తెలియక ఎంతోమంది ఫీజులూ ఏళ్లూ పోగొట్టుకుంటున్నారు. అందుకే గట్టిగా చెబుతున్నాను: వివక్ష కేసులో సగం బలం, ఎవరితో పోల్చుకుంటున్నామో సరిగ్గా ఎంచుకోవడంలోనే ఉంది.

ఈ పరీక్షలో నన్ను మొదటి నుంచీ ఇబ్బంది పెట్టేది రెండో ప్రశ్న. చట్టం ఉద్దేశం ఏమిటో చెప్పేది ప్రభుత్వమే. గీతకు తగినట్టుగా ఉద్దేశాన్ని కౌంటర్‌ అఫిడవిట్‌లో రాసుకుంటే సంబంధం దానంతట అదే కుదిరిపోతుంది. కోర్టు ఆ ఉద్దేశాన్ని కూడా తరచి చూస్తేనే పరీక్షకు ప్రాణం. హైదరాబాద్ ఇళ్ల స్థలాల కేసులో అది జరిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2005, 2008 జీవోలతో నగరంలో విలువైన భూమిని ఎంపీలు, ఎమ్మెల్యేలు, న్యాయమూర్తులు, ఉన్నతాధికారులు, జర్నలిస్టుల సొసైటీలకు మార్కెట్ ధర కంటే ఎంతో చవకగా ఇవ్వాలనుకుంది. ఎమ్మెల్యేకూ మామూలు మనిషికీ తేడా కనిపించడం లేదని ఎవరూ అనలేరు. మొదటి ప్రశ్న దాటేసినట్టే. కానీ ఇప్పటికే అన్నీ అందుబాటులో ఉన్నవాళ్లకు ప్రజల భూమి చవకగా ఇవ్వడం ఏ న్యాయమైన లక్ష్యానికి? 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఆ జీవోలను రద్దు చేసింది. ఆ లబ్ధిదారుల్లో సుప్రీంకోర్టు, హైకోర్టు న్యాయమూర్తులు కూడా ఉన్నారని గుర్తుచేసుకుంటే ఆ తీర్పు బరువు తెలుస్తుంది.

గీత గీసిన రోజున సబబుగానే ఉండి, కాలం గడిచాక అన్యాయంగా మారితే? ఈ ప్రశ్నకు జవాబు కూడా మన దగ్గర నుంచే వెళ్లింది. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ అద్దె నియంత్రణ చట్టం, 1957 ఆగస్టు 26న గానీ ఆ తర్వాత గానీ కట్టిన భవనాలను తన పరిధి నుంచి తప్పించింది. అప్పట్లో ఇళ్ల కొరత ఉంది. కొత్తగా కట్టేవాళ్లను ప్రోత్సహించాలి, కాబట్టి ఆ మినహాయింపుకు అర్థముంది. పాతికేళ్లు గడిచాయి. 1958లో కట్టిన ఇల్లు కూడా పాతబడింది, దాని యజమాని పెట్టుబడి ఎప్పుడో తిరిగొచ్చింది. అయినా అందులో అద్దెకున్నవాళ్లకు ఏ రక్షణా లేదు, పక్కింట్లో ఉన్నవాళ్లకు ఉంది. 1983లో మోటార్ జనరల్ ట్రేడర్స్ కేసులో జస్టిస్ ఇ.ఎస్.వెంకటరామయ్య ఆ మినహాయింపును కొట్టేశారు. తాత్కాలికంగా సమర్థించుకోగలిగిన తేడాను శాశ్వతం చేయడానికి వీల్లేదన్నది ఆ తీర్పు సారం. మన చట్టాల పుస్తకాల్లో తేదీలతో గీసిన గీతలు చాలా ఉన్నాయి. వాటన్నిటి మీదా ఈ తీర్పు నీడ పడుతుంది.

ఇంతవరకూ చెప్పింది వర్గీకరణ కథ. దీనికి సమాంతరంగా ఇంకో పాయ 1974లో పుట్టింది. తమిళనాడు ప్రధాన కార్యదర్శిగా ఉన్న ఇ.పి.రాయప్ప తనను ఆ పదవి నుంచి బదిలీ చేయడాన్ని సవాలు చేశారు. ఆయన కేసు ఓడిపోయారు కానీ, ఆ తీర్పులో జస్టిస్ భగవతి రాసిన ఒక మాట చట్టాన్ని మార్చేసింది: సమానత్వమూ ఇష్టారాజ్యమూ బద్ధ శత్రువులు. అంటే ఇంకొకరితో పోలిక చూపించలేకపోయినా, ప్రభుత్వం చేసిన పని తలాతోకా లేకుండా, ఇష్టమొచ్చినట్టు చేసిందైతే అదే 14వ అధికరణానికి విరుద్ధం.

అధికారి ఇచ్చిన ఉత్తర్వును అలా కొట్టేయడం ఒక ఎత్తు, శాసనసభ చేసిన చట్టాన్ని కొట్టేయడం ఇంకో ఎత్తు. ఈ రెండోది కుదురుతుందా అన్న వివాదానికి కేంద్రమైన కేసు మన సంపూర్ణ మద్యనిషేధం. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం, 1995లో నిషేధ చట్టం అందరికీ గుర్తే. మద్యం తయారీని కూడా ఆపడాన్ని మెక్‌డోవెల్ వంటి కంపెనీలు సవాలు చేశాయి. 1996లో తీర్పు రాసిన జస్టిస్ బి.పి.జీవన్‌రెడ్డి వాళ్లకు ఒక తలుపు మూసేశారు. శాసనసభకు అధికారం లేదని గానీ, ఫలానా ప్రాథమిక హక్కుకు భంగమని గానీ చూపండి, అంతే తప్ప చట్టం ఇష్టారాజ్యంగా ఉందని ఊరికే అంటే కొట్టేయలేం అన్నారు. ప్రజలు ఎన్నుకున్న సభ తెలివైన పనే చేసిందా లేదా అని జడ్జీలు తూకం వేయడం మొదలుపెడితే దానికి అంతు ఉండదన్నది ఆయన భయం. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను.

కానీ ఆ తలుపు మళ్లీ తెరుచుకుంది. 2017లో ముమ్మారు తలాక్ కేసులో జస్టిస్ నారిమన్, మెక్‌డోవెల్ తీర్పులోని ఆ మాట సరైన చట్టం కాదన్నారు. ఏ సూత్రమూ లేకుండా, మితిమీరి, ఇష్టానుసారం చేసినట్టు కంటికి స్పష్టంగా కనిపించే చట్టాన్ని కొట్టేయవచ్చన్నారు. మరుసటి ఏడాది స్వలింగ సంబంధాల కేసులోనూ, వ్యభిచార నేరం కేసులోనూ ఇదే కొలత వాడారు. దాని విలువ నాకు బాగా అర్థమైంది తెలంగాణ హైకోర్టు 2023 జులై తీర్పు చదివినప్పుడు. నిజాం కాలంలో, 1329 ఫసలీలో, అంటే 1919లో చేసిన చట్టం ఒకటి ట్రాన్స్‌జెండర్ మనుషుల పేర్లతో రిజిస్టర్ పెట్టమంది. ఆడవాళ్ల బట్టల్లోనో నగలతోనో వీధిలో కనిపిస్తే వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చంది. స్వాతంత్ర్యం వచ్చి, రాజ్యాంగం వచ్చి, రాష్ట్రాలు కలిసి, మళ్లీ విడిపోయినా ఆ చట్టం పుస్తకాల్లో అలాగే ఉండిపోయింది. ట్రాన్స్‌జెండర్ కార్యకర్తలే కోర్టుకు వెళ్లి దాన్ని రద్దు చేయించారు. ఒక సమూహం మొత్తాన్ని పుట్టుకతోనే నేరస్థులుగా లెక్కగట్టిన చట్టానికి, వాళ్లను ఎవరితో పోల్చాలి అని లెక్కలు వేస్తూ కూర్చోవడమే అవమానం.

ఇప్పుడు 15వ అధికరణానికి వద్దాం. అందులో ‘మాత్రమే’ అన్న మాట చాలాకాలం మహిళలకు అన్యాయం చేసింది. ‘లింగం ఆధారంగా మాత్రమే’ వివక్ష చూపకూడదు. సరే, లింగంతో పాటు ఇంకో కారణం కూడా జోడిస్తే? 1981 నాటి నర్గీస్ మీర్జా కేసులో ఎయిర్ ఇండియా నిబంధనల ప్రకారం ఎయిర్ హోస్టెస్ 35 ఏళ్లకు రిటైర్ కావాలి. ఉద్యోగంలో చేరిన నాలుగేళ్లలోపు పెళ్లి చేసుకున్నా, మొదటిసారి గర్భం వచ్చినా ఉద్యోగం పోతుంది. గర్భం నిబంధన అమానుషమని కోర్టు కొట్టేసింది. కానీ పెళ్లి నిబంధనను నిలబెట్టింది. అదే విమానంలో పనిచేసే మగవాళ్ల కేడర్ వేరు, సర్వీసు నిబంధనలు వేరు, కాబట్టి ఇది కేవలం లింగం వల్ల వచ్చిన తేడా కాదంది. ఆడవాళ్లనే ఆ కేడర్‌లో పెట్టి, కేడర్ వేరు కాబట్టి తేడా చూపవచ్చనడం చుట్టూ తిరిగి మొదటికే రావడం. ఆ వాదన తప్పని నా నిశ్చితాభిప్రాయం.

2007లో అనుజ్ గర్గ్ కేసు వచ్చేసరికి కోర్టు చూపు మారింది. మద్యం వడ్డించే చోట ఆడవాళ్లు పనిచేయకూడదని 1914 నాటి పంజాబ్ ఎక్సైజ్ చట్టం అంటోంది. వాళ్ల భద్రత కోసమే అని సమర్థన. భద్రత కల్పించాల్సింది ప్రభుత్వం, దానికి బదులు ఉద్యోగమే లేకుండా చేస్తారా అని కోర్టు అడిగింది. ఆడవాళ్లు ఇలాగే ఉండాలన్న పాత భావనల మీద నిలబడే చట్టాలను మరింత కఠినంగా పరీక్షించాలంది. అదే సమయంలో, మహిళలకు మేలు చేసే ప్రత్యేక ఏర్పాట్లను 15(3) అనుమతిస్తుంది. 1995లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఉద్యోగాల్లో మహిళలకు 30 శాతం కేటాయింపును సుప్రీంకోర్టు సమర్థించింది ఈ క్లాజు కిందే. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి నడుస్తున్న మహిళల ఉచిత బస్సు మీద ‘ఇది మగవాళ్ల మీద వివక్ష కాదా’ అని అడిగేవాళ్లకు చట్టం చెప్పే జవాబు కూడా అక్కడే ఉంది.

కఠినంగా పరీక్షించడం అన్నాను కదా, ఆ ఆలోచన అమెరికాలో మెట్లు మెట్లుగా స్థిరపడింది. అక్కడ ప్రభుత్వం జాతి ఆధారంగా గీత గీస్తే కోర్టు అత్యంత అనుమానంతో చూస్తుంది. తప్పనిసరి అవసరం ఉందని, అంతకంటే సన్నగా గీయడం సాధ్యం కాదని ప్రభుత్వమే నిరూపించుకోవాలి. స్త్రీ పురుష భేదమైతే మధ్యస్థ పరీక్ష. ఓక్లహామాలో తక్కువ ఆల్కహాల్ ఉన్న బీరును ఆడపిల్లలు 18 ఏళ్లకు కొనుక్కోవచ్చు, మగపిల్లలు 21 దాకా ఆగాలి. 1976లో ఆ చట్టాన్ని కొట్టేసిన కేసులోనే ఈ మధ్య మెట్టు రూపుదిద్దుకుంది. వ్యాపారాలు, పన్నుల వంటి మిగతా విషయాల్లో ఏదో ఒక సహేతుక కారణం కనిపిస్తే చాలు. మన సుప్రీంకోర్టు ఈ మెట్లను పూర్తిగా తీసుకోలేదు. రిజర్వేషన్ల వంటి చర్యలకు ఆ కఠిన పరీక్ష వర్తించదని 2008లో అశోక్‌కుమార్ ఠాకూర్ కేసులో చెప్పింది. అది సరైన నిర్ణయం. ఎందుకంటే అమెరికాలో ఆ పరీక్ష, నల్లజాతివారిని అణచడానికి గీసిన గీతకూ, వాళ్లకు చేయూతనివ్వడానికి గీసిన గీతకూ తేడా చూపదు. 2023లో హార్వర్డ్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు కాలేజీ అడ్మిషన్లలో జాతిని లెక్కలోకి తీసుకోవడాన్ని కొట్టేసింది ఆ దారిలోనే. పిల్లల కాలేజీ దరఖాస్తుల టెన్షన్‌లో ఉన్న అక్కడి తెలుగు కుటుంబాలు ఆ తీర్పు గురించి ఎంత మాట్లాడుకున్నాయో మనకు తెలుసు. దాన్ని ఇక్కడి రిజర్వేషన్లకు అతికించి మాట్లాడేవాళ్లు, రెండు దేశాల రాజ్యాంగాల్లో రాసిన మాటలే వేరని గమనించాలి. వెనకబడిన వర్గాలకు ప్రత్యేక ఏర్పాట్లను, ఉద్యోగాల్లో రిజర్వేషన్లను అనుమతించే మన 15(4), 16(4) వంటి క్లాజులు అక్కడ లేవు.

ఇంకో ముఖ్యమైన తేడా, ఉద్దేశానికి సంబంధించింది. 1886లో శాన్‌ఫ్రాన్సిస్కోలో చెక్క భవనాల్లో లాండ్రీ నడపడానికి అనుమతి కావాలనే నిబంధన ఉండేది. కాగితం మీద అందులో జాతి ప్రస్తావనే లేదు. కానీ అడిగిన చైనీయులు దాదాపు 200 మందికీ అనుమతి నిరాకరించారు, ఇతరులకు దాదాపు అందరికీ ఇచ్చారు. అది వివక్షేనని అమెరికా సుప్రీంకోర్టు ఆనాడే తేల్చింది. కానీ 1976కు వచ్చేసరికి, ఫలితం ఒక వర్గానికే నష్టం చేసిందని చూపిస్తే చాలదు, ప్రభుత్వానికి వివక్ష చూపాలన్న ఉద్దేశం ఉందని కూడా రాజ్యాంగ కేసులో చూపాలంది. ఉద్దేశాన్ని నిరూపించడం ఎంత కష్టమో ఆఫీసులో ప్రమోషన్ పోయిన ఎవరినడిగినా చెబుతారు. మన కోర్టు ఈ విషయంలో మెరుగైన దారి పట్టింది. 2021లో లెఫ్టినెంట్ కల్నల్ నితీషా కేసులో సైన్యం మహిళా అధికారులకు పర్మనెంట్ కమిషన్ (రిటైర్మెంట్ దాకా కొనసాగే ఉద్యోగం) ఇవ్వడానికి మగవాళ్లకు పెట్టిన ఫిట్‌నెస్ కొలతే పెట్టింది. పైకి సమానమే. కానీ మగవాళ్లకు ఆ పరీక్ష ఐదో ఏటో పదో ఏటో, వయసులో ఉండగా జరిగింది. మహిళలకు అప్పట్లో ఆ అవకాశమే ఇవ్వకుండా, ఏళ్లు గడిచాక అదే కొలతతో కొలిచారు. కోర్టు దీన్ని పరోక్ష వివక్ష అంది. ఎవరి మనసులో ఏముందో వెతకలేదు. నిబంధన ఎవరి మీద ఎక్కువ భారంగా పడింది, ఆ భారం పాత వెనకబాటును ఇంకా పెంచిందా అని చూసింది. శిస్తు కేసులో రైతులు చెప్పింది కూడా, ఇంకో రూపంలో, ఇదే.

ఇదంతా ప్రభుత్వం మీద, ప్రభుత్వ సంస్థల మీద పనిచేసే చట్టం. కులం అడిగి ఇల్లు అద్దెకివ్వని యజమాని మీద 14వ అధికరణం పనిచేయదు. దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువులు, రోడ్ల వరకూ 15(2) ప్రైవేటు మనుషులను కూడా కట్టడి చేస్తుంది, అంటరానితనాన్ని 17వ అధికరణం నిషేధిస్తుంది. ప్రైవేటు ఉద్యోగాల్లో, అద్దె ఇళ్లలో వివక్ష మొత్తాన్ని పట్టుకునే సమగ్ర చట్టం మనకు ఇంకా లేదు. అది పెద్ద లోటు.

అన్ని తీర్పులూ నాకు మింగుడు పడ్డాయని అనను. ఏజెన్సీ ప్రాంతాల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలన్న 2000 నాటి జీవో నంబర్ 3ని 2020లో ఐదుగురు జడ్జీల ధర్మాసనం కొట్టేసింది. నూటికి నూరు శాతం అంటే మిగతావాళ్లకు అవకాశమే లేదు కదా అన్నది తీర్పు వాదన. కాగితం మీద అందులో బలముంది. కానీ మైదానం నుంచి వచ్చిన టీచర్లు బడికి సరిగ్గా రాకపోవడమే ఆ జీవోకు కారణమని ప్రభుత్వం చెప్పింది. పిల్లల మాట తెలిసిన టీచరు ఉండాలన్న అవసరం ముందు, మరో జిల్లా నిరుద్యోగికి తగ్గిన అవకాశాన్ని ఎంత బరువుగా చూడాలి? చదువు అందని ఆ పిల్లల వైపు నుంచి ఆ గీతను చూసి ఉండాల్సిందని నా అభిప్రాయం.

అందుకే ఎస్సీ వర్గీకరణ తీర్పును నేను జాగ్రత్తగా చదివాను. 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఎస్సీల 15 శాతాన్ని ఎ, బి, సి, డి గ్రూపులుగా విడదీసింది, 2000లో చట్టం చేసింది. 2004లో చిన్నయ్య కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. రాష్ట్రపతి జాబితాలో చేరిన కులాలన్నీ ఒకే వర్గం, దాన్ని మళ్లీ విడదీస్తే సమానత్వానికి భంగమంది. మాదిగల పోరాటం మూడు దశాబ్దాలు నడిచింది. 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల ధర్మాసనం దవీందర్ సింగ్ కేసులో 6-1 తేడాతో ఆ తీర్పును తిరగరాసింది. జాబితాలో పేరు కలిసినంత మాత్రాన అందరి వెనకబాటూ ఒకటైపోదంది. అయితే ఒక షరతు పెట్టింది. గీత గీసే రాష్ట్రం దగ్గర లెక్కలుండాలి. ఏ కులానికి ఎంత ప్రాతినిధ్యం దక్కింది, ఎవరు ఎంత వెనక ఉన్నారు అన్నది ఆధారాలతో చూపాలి. కోర్టు వాటిని పరిశీలిస్తుంది.

ఆ తర్వాత తెలంగాణ 2025 ఏప్రిల్ 14 నుంచి 59 కులాలను మూడు గ్రూపులు చేసి 1, 9, 5 శాతాలుగా పంచింది. ఆంధ్రప్రదేశ్ కూడా అదే నెలలో మూడు గ్రూపులే చేసింది, కానీ 1, 6.5, 7.5 శాతాలుగా. ఈ గీతల మీద పిటిషన్ వచ్చినప్పుడు కోర్టు హాల్లో వినిపించే ప్రశ్నలు ఇప్పుడే ఊహించవచ్చు. ఈ కులం ఈ గ్రూపులోనే ఎందుకుంది? 9 అని, 7.5 అని ఏ లెక్క చూసి నిర్ణయించారు? ఆ లెక్క ఏ సంవత్సరం నాటిది? పదేళ్ల తర్వాత కూడా అదే గీత ఉంచుతారా? ఆఖరి ప్రశ్న వేసే లాయరు తన వాదనకు వెతుక్కునే తీర్పుల్లో, 1957 ఆగస్టు 26 అన్న తేదీ మీద నడిచిన ఆ అద్దె ఇళ్ల కేసు తప్పకుండా ఉంటుంది.